ఎదురు హోటల్లో రైడ్ జరిగిన వారం

సైరన్ మోగలేదు, నీలం లైటు తిరగలేదు. అందుకే ముందు నాకేమీ అర్థం కాలేదు. 2025 నవంబరు నెల, శుక్రవారం సాయంత్రం ఆరున్నర దాటింది. సింకు దగ్గర బియ్యం కడుగుతూ కిటికీలోంచి చూస్తే రెండు వాన్లు వచ్చి ఎదురు హోటల్ ముందు, డబుల్ ఎల్లో లైన్ మీదే ఆగాయి. ఎంత ధైర్యం, ఇప్పుడు ఫైన్ పడుతుంది చూడు అనుకున్నాను. నిజంగా నాకొచ్చిన మొదటి ఆలోచన అదే.

తర్వాత వాన్ పక్కన రాసినవి చదివాను. ఇమిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్. వీసా లేకుండా ఉంటున్నవాళ్ళను పట్టుకునేవాళ్ళు.

లండన్‌లో ఈస్ట్ హామ్ అంటే మనవాళ్ళకు పరిచయం చెయ్యక్కర్లేదు. హై స్ట్రీట్ నార్త్ మీద నడుస్తుంటే తమిళం, తెలుగు, బెంగాలీ, పంజాబీ ఒకదాని మీద ఒకటి వినబడతాయి. గోంగూర దొరుకుతుంది, మహాలక్ష్మి గుడి ఉంది, మురుగన్ గుడి ఉంది. మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లలు నెలకు మూడు నాలుగు వందల పౌండ్లకు షేరింగ్ రూముల్లో ఉంటారు. నేనుండేది ఆ పెద్ద రోడ్డుకు అడ్డంగా పోయే ఓ వీధిలో, కిరాణా కొట్టు మీద ఫ్లాటులో. ఎదురుగా ఆ హోటల్. పేరు చెప్పను. శుక్రవారం దమ్ బిర్యానీకి బయట దాకా లైను ఉంటుంది.

ఇద్దరు ఆఫీసర్లు ముందు తలుపు వైపు పోకుండా చెత్తడబ్బాలు పెట్టే వెనక సందులోకి వెళ్ళారు. కిచెన్ తలుపు అటే ఉంటుందని వాళ్ళకు ముందే తెలుసు. మిగతావాళ్ళు ముందు నుంచి లోపలికి పోయారు. అద్దాల్లోంచి కౌంటరు దగ్గర ఒకావిడ కాగితం చూపించడం, ఓనరు అన్న రెండు చేతులూ పైకీ కిందికీ ఊపుతూ మాట్లాడటం కనిపించింది. తింటున్నవాళ్ళు తింటూనే ఉన్నారు. ఒకాయనైతే తల తిప్పకుండా బొమిక చీకుతున్నాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కిందకి పరుగెత్తలేదు. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తడి చేతులు నైటీకి తుడుచుకుని నా ఈవీసా అకౌంటు తెరిచాను. వేలికి ఇంకా గంజినీళ్ళ జిడ్డు ఉంది, స్క్రీను సరిగా పని చెయ్యట్లేదు. పాస్‌పోర్టు నంబరు కొట్టి, ఫోనుకొచ్చిన కోడు కొట్టి, నా ఫోటో, కింద స్కిల్డ్ వర్కర్ అన్న మాట, గడువు తేదీ కనబడ్డాక గాని ఊపిరి తీసుకోలేదు. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం. టాక్సులు కడుతున్నాను. నా కాగితాల్లో ఏ లోపమూ లేదు. అయినా చూసుకున్నాను. ఐదేళ్ళకొచ్చే పర్మనెంట్ రెసిడెన్సీని మామూలుగా పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం ప్రకటించిన దగ్గర్నుంచి, అందరిలాగే నాకూ ఆ పేజీ తెరిచి చూసుకునే జబ్బు పట్టుకుంది.

గ్యాస్ కట్టేసి కిందకి దిగేసరికి వీధంతా బయటే ఉంది.

మా కింద కొట్టు చాచాది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇక్కడే. ఆయన షట్టరు సగం దించి, దాని కింద వంగి నిలబడి చూస్తున్నాడు. కొట్లో పనిచేసేది ఆయన కొడుకూ కోడలే, ఇద్దరూ ఇక్కడే పుట్టారు. మరి షట్టరెందుకు దించారని అడిగితే, "ఆదత్ హై బేటీ" అన్నాడు. అలవాటట. పందెపు షాపు ముందు సిగరెట్ కాల్చుకునే ఇద్దరిలో ఒకడు ఇప్పటికైనా వచ్చారు అని అందరికీ వినబడేలా అన్నాడు. వాడు వారానికి రెండుసార్లు అదే హోటల్లో చికెన్ పకోడీ కొనుక్కుని పోతాడు, నా కళ్ళతో నేను చూశాను. రెండోవాడు మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మూడో ఇంట్లో ఒక ముసలావిడ ఉంటుంది, తెల్లావిడ. పెళ్ళయి ఈ వీధికి వచ్చినప్పుడు ఇక్కడ చేపలూ చిప్సూ అమ్మే కొట్టు ఉండేదని పదిసార్లు చెప్పి ఉంటుంది. ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చి నేరుగా ఆఫీసరు దగ్గరకు పోయి, "మీకు వారంట్ ఉందా?" అని అడిగింది. ఉందని అతను మర్యాదగానే చెప్పాడు. "అయితే సరే, కానీ ఆ పిల్లవాణ్ణి కోటు వేసుకోనివ్వండి, చలిగా ఉంది" అంది. ఏ పిల్లవాడు అని అప్పుడు చూశాను.

ముందు ఏప్రన్ మీది పసుపు మరక చూశాను, తర్వాత ముఖం. ఖమ్మం వైపు అబ్బాయి. నన్ను అక్కా అంటాడు. నేను కొన్న ఇరవై కిలోల సోనా మసూరి మూటను మా మెట్లు ఎక్కించేది అతనే, డబ్బులిస్తే పుచ్చుకోడు. ముసలావిడ చెత్తడబ్బా గురువారం పొద్దున బయట పెట్టేదీ అతనేనని తర్వాత తెలిసింది. చిన్న మిషను మీద వేలిముద్రలు తీసుకున్నారు. మొత్తం ఏడుగురిని పరిశీలించి ముగ్గుర్ని ఎక్కించుకున్నారు. మిగతా నలుగురికీ వీసాలు సరిగా ఉన్నాయి. అందులో ఉన్న సర్వర్ అమ్మాయి ఫోనులో వీసా చూపిస్తూ ఏడుస్తోంది, పేపర్లన్నీ సరిగా ఉన్నా సరే.

అప్పుడు రోడ్డు చివర నుంచి సైకిల్ మీద ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయి. ఫోనుతో వీడియో తీస్తూ, మీరు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పనిలేదు, మిమ్మల్ని ఆపకపోతే నడిచి వెళ్ళిపోవచ్చు అని ఇంగ్లీషులో ఒకటే అరుపు. చాచా చేతిలో, నా చేతిలో చిన్న కార్డులు పెట్టింది. 2021 మే 13న గ్లాస్గోలో కెన్మూర్ స్ట్రీట్‌లో ఇలాగే వాన్ వస్తే ఇరుగుపొరుగంతా రోడ్డు మీద కూర్చున్నారట, ఒకతను వాన్ కిందే పడుకున్నాడట, చివరికి ఇద్దరు ఇండియా వాళ్ళని వదిలేసి పోయారట. ఇది నేను చదివిందే. ఆ రోజు రంజాన్ పండుగ కూడా. మరుసటేడు మేలో ఎడిన్‌బరోలో ఓ హోటల్ ముందూ అలాగే జనం అడ్డంగా నిలబడ్డారు. ఆ పిల్ల మా అందరి వైపూ చూసింది, ఎవరైనా కదులుతారేమోనని.

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. వాన్ ముందు కూర్చోవాలంటే, లేపి పేరడిగితే భయం లేనివాళ్ళు కావాలి. మా వీధిలో జనానికి లోటు లేదు. కానీ అక్కడ నిల్చున్నవాళ్ళలో సగం మంది ఏదో ఒక వీసా మీద ఉన్నవాళ్ళే. ముసలావిడ ఒక్కతే రోడ్డు మీద కూర్చోగలిగేది, ఆవిడకేమో మోకాళ్ళు వంగవు. ఇది జోకు కాదు, ఆవిడే అన్న మాట.

అబ్బాయికి ఎవరో లోపల్నుంచి కోటు తెచ్చిచ్చారు. అది అతనిది కాదు, చేతులు పొట్టిగా ఉన్నాయి. వాన్ ఎక్కేముందు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. పిలవద్దనా, ఏం కాదనా, ఇప్పటికీ నాకు తెలీదు. అంతా కలిపి గంట కూడా పట్టలేదు. వాన్లు పోయిన పది నిమిషాలకు డెలివరీ బైకు ఒకటి వచ్చి ఆర్డరు నంబరు అడిగింది.

రాత్రి ఫోను ఆగకుండా మోగింది. ఏరియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆరువందల మందిమి. ముందు "రైడ్ అంట, అటు రాకండి" అన్నది ఒక మెసేజి. తర్వాత ఎవరో తీసిన వీడియో, అందులో అబ్బాయి ముఖం స్పష్టంగా. తీసెయ్యండి, వాళ్ళమ్మ చూస్తుంది అని రాశాను. అప్పటికే ఇంకో నాలుగు గ్రూపులకు పోయింది. ఇటువంటి వాళ్ళ వల్లే మనకు చెడ్డపేరు అన్నాడొకడు. అతను లెక్కల్లో చూపని క్యాష్ జాబ్ చేసుకుంటూ చదువుకున్నరోజులు నాకు గుర్తున్నాయి. ఇంకొకరు పోటీ హోటల్ వాళ్ళే ఫోన్ చేసి చెప్పారని తేల్చేశారు. గవర్నమెంటు వెబ్‌సైటులో ఎవరైనా పేరు చెప్పకుండా ఫిర్యాదు చెయ్యొచ్చు కాబట్టి ఆ అనుమానానికి అంతుండదు. మరి ఎవరి ఫిర్యాదూ లేకుండా కూడా వస్తారు. 2025 జనవరి ఒక్క నెలలోనే 828 చోట్లకు వెళ్ళి 609 మందిని పట్టుకున్నామని, ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే హోం ఆఫీసే చెప్పుకుంది.

పన్నెండున్నరకు ఖమ్మం నుంచి ఫోన్. అక్కడ తెల్లారుజామున ఆరు. "అమ్మా, నువ్వు మా వోని అక్కవేనా? వాడు నీ పేరు చెప్పిండు" అని ఒక ఆడగొంతు. అతని స్మార్ట్‌ఫోన్ తీసి పెట్టుకుని కెమెరా లేని మామూలు ఫోను ఇచ్చారట. అతనికి కంఠస్తం వచ్చింది ఒక్క ఇంటి నంబరే. నా నంబరు వాళ్ళమ్మ ఎవరెవర్నో అడిగి సంపాదించింది. ఆవిడకు రెండే ప్రశ్నలు. కొట్టారా అని ఒకటి, అన్నం పెడతారా అని ఒకటి. కొట్టలేదు, నేను చూశాను అన్నాను. అన్నం గురించి నాకేం తెలుసు, పెడతారమ్మా అన్నాను.

శనివారం అతని రూముకు వెళ్ళాను, బట్టలు సర్ది తీసుకెళ్దామని. ఐదుగురుండే ఇల్లు. తలుపు కొడితే ఎవరూ లేరు. మిగతా నలుగురూ రాత్రికి రాత్రే ఇల్ఫర్డుకొకరు, లూటన్‌కొకరు స్నేహితుల ఇళ్ళకు పోయారు, పాస్‌పోర్టు కోసం ఆఫీసర్లు ఇంటికి వస్తారేమోనని. అందులో ముగ్గురికి వీసాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. తాళంచెవి చాచా కొట్లో పెట్టిపోయారు, నేనొస్తానని వాళ్ళకెలా తెలుసో. అది మాత్రం మంచి పనే చేశారు.

సూట్‌కేసు మంచం కింద ఉంది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ట్యాగు ఇంకా పిడికి అలాగే ఉంది. అందులో రెండు స్వెట్టర్లు కవరు విప్పకుండా ఉన్నాయి, వాళ్ళమ్మ కొనిచ్చినవై ఉంటాయి. టేబుల్ సొరుగులో యూనివర్సిటీ కాగితాలు కనిపించాయి. పాస్‌పోర్టు కోసం వెతుకుతూ చదివాను, చదవకూడదని తెలిసీ. అసలు కథ అందులోనే ఉంది. రెండో వాయిదా ఫీజు కట్టలేకపోయాడు. యూనివర్సిటీ పేరు తీసేసి స్పాన్సర్‌షిప్ ఆపేసింది. హోం ఆఫీసు వీసా కుదించి 60 రోజుల్లో వెళ్ళమంది. ఆ మెయిలు యూనివర్సిటీ ఐడీకి వచ్చింది, పేరు తీసేశాక అతను ఆ మెయిలు తెరవడమే మానేశాడు. తెరిచినా వెళ్ళేవాడని నేననుకోను. ఇంటి మీద ఇరవై రెండు లక్షల అప్పు. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి, ఇప్పుడైతే ఒక్క గంట కూడా చెయ్యకూడదు. అతను అరవై గంటలు చేసేవాడు. గంటకు ఆరు పౌండ్లు, చేతికి. చట్టం ప్రకారం ఆ సంవత్సరం కనీస వేతనం 12 పౌండ్ల 21 పెన్నీలు. అంటే సగం లేదు.

ఆవకాయ సీసా కూడా సర్దబోయి, ముందు అతన్ని ఉంచిన డిటెన్షన్ సెంటరుకు ఫోన్ చేసి అడిగాను. తినేవేవీ తేవద్దన్నారు. సీసా నా దగ్గర ఉంచుకున్నాను.

హీత్రూ పక్కన, రన్‌వేకి దాదాపు అవతలి వైపున ఉంటుంది ఆ డిటెన్షన్ సెంటరు. ముందు రోజే విజిట్ బుక్ చేసుకోవాలి. వైట్‌చాపెల్‌లో ఎలిజబెత్ లైను మారి, తర్వాత బస్సెక్కి, రెండు గంటల ప్రయాణం. గేటు దగ్గర ఫోటో ఐడీ చూపించాలి, ఫోటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. సంచీ, ఫోను లాకర్లో పెట్టించారు. వేలు ఆ గాజు మీద పెట్టినప్పుడు మళ్ళీ అదే గుబులు. ఇది నా రికార్డులో ఎక్కడైనా పడుతుందా? తర్వాత అడిగితే లాయరు నవ్వింది. చూడ్డానికొచ్చినందుకు ఎవరికీ వీసా పోదమ్మా అంది. నాకే తెలుసు ఆ మాట. తెలిసీ భయమే.

అతను పొట్టి చేతుల కోటులోనే ఉన్నాడు. "అక్కా, ఇంత దూరం ఎందుకొచ్చినవ్" అన్నాడు ముందు. తర్వాత అన్నీ డబ్బు లెక్కలే మాట్లాడాడు. ఓనరు ఐదు వారాల జీతం బాకీ. అన్న ఇస్తాడంటావా? నేను వెళ్ళేముందే ఓనర్ని అడిగాను. "ఆ కుర్రాడి కాగితాల సంగతి నాకు తెలీదమ్మా" అన్నాడు. ఇలా మొదటిసారి దొరికితే ఓనరుకు ఒక్కో పనివాడికి 45 వేల పౌండ్ల దాకా జరిమానా పడుతుంది, 2024 ఫిబ్రవరి దాకా అది 15 వేలే ఉండేది. ముగ్గురికీ కలిపి లక్షా ముప్ఫై ఐదు వేలు. ఆయన కళ్ళలో కూడా నిద్ర లేదు. ఆయన మీద నాకు జాలి కలగలేదు అని రాస్తే అబద్ధం, కోపం తగ్గిందని రాసినా అబద్ధమే. పనివాడి వీసా చూపించే షేర్ కోడ్ అతని దగ్గర తీసుకుని వెబ్‌సైటులో చూసుకుంటే రెండు నిమిషాల పని. చూడకపోవడం మరిచిపోయి కాదు, ఆరు పౌండ్లకు ఇంకెవరూ రారని.

అక్కడ ముప్పై నిమిషాలు ఉచితంగా మాట్లాడటానికి దొరికిన లాయరు రెండు దారులు చెప్పింది. బెయిలుకు పెట్టుకోవచ్చు, కానీ ఉండటానికి ఒక అడ్రసు చూపించాలి. లేదంటే తనంతట తాను, తన ఖర్చుతో వెళ్ళిపోతే మళ్ళీ రావడానికి ఏడాది ఆగాలి. బలవంతంగా పంపిస్తే పదేళ్ళు.

అడ్రసు. దాని కోసం సోమవారం నుంచి బుధవారం దాకా నేను తిరిగాను. రూములో వాళ్ళు అగ్రిమెంటు మా పేరు మీద లేదన్నారు. నిజమే. గ్రూపులో నాకు బాగా తెలిసిన ఒక దంపతులున్నారు, సొంతిల్లు, బ్రిటిష్ పాస్‌పోర్టులు, ఖాళీ గది కూడా. "పిల్లలున్నారు కదా, రేపు ఏమైనా ఆఫీసర్లు ఇంటికొస్తే..." అన్నారు. నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే నా మీదకే తిరిగింది. నాదీ ఒక అడ్రసే. హాల్లో సోఫా ఉంది. ల్యాండ్‌లార్డును అడగాలి, నా వీసా పొడిగింపు దగ్గరకొచ్చింది, ఒంటరి ఆడదాన్ని. ఇన్ని కారణాలు ఒక్క నిమిషంలో దొరికాయంటే వెతకడానికి కష్టపడలేదన్నమాట. నేను అడ్రసు ఇవ్వలేదు. నా అడ్రసు ఇవ్వొచ్చా అని అడిగింది ముసలావిడ ఒక్కతే, చాచా కొట్లో పాలు కొంటూ. అప్పటికి అతను వెళ్ళిపోతానని సంతకం పెట్టేశాడు.

టిక్కెట్టుకు డబ్బులు కావాలి. గ్రూపులో పెట్టడానికి భయం, అందుకే ఒక్కొక్కళ్ళకీ విడిగా పంపాను. ఇది నేను ఊహించలేదు. రాత్రి పదికల్లా నా అకౌంటులో 740 పౌండ్లు పడ్డాయి. ఇరవయ్యేసి, ముప్పయ్యేసి. పారిపోయిన రూమ్మేట్లు నలుగురూ పంపారు. చెడ్డపేరు అన్నవాడు 50 పంపాడు. ట్రాన్స్‌ఫరులో రిఫరెన్సు దగ్గర ఒక్కరు కూడా అబ్బాయి పేరు రాయలేదు. క్రికెట్ అని ఒకరు, బర్త్‌డే కేక్ అని ఒకరు, రైస్ బ్యాగ్ అని ఇద్దరు. ఒకరు పుల్‌స్టాప్ ఒక్కటి పెట్టారు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరస చూస్తే నేనేదో పెద్ద పార్టీ చేసినట్టుంటుంది. చాచా నోట్లు చుట్టి నా చేతిలో పెట్టాడు. పందెపు షాపు ముందు నేల చూపులు చూసినవాడు కూడా ఓ పది పౌండ్లు చాచాకి ఇచ్చి పోయాడట, రెండోవాడికి చెప్పొద్దని.

హోటల్ సోమవారానికే తెరిచారు. బిర్యానీ లైను కొంచెం తగ్గింది, రెండో శుక్రవారానికి మామూలైంది. తలుపు మీద స్టాఫ్ కావలెను అని కాగితం అంటించారు, కింద షేర్ కోడ్ తప్పనిసరి అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రెండు గీతలు కొట్టారు. గంటకెంతో రాయలేదు. గురువారం ముసలావిడ చెత్తడబ్బా చాచా కొడుకు బయట పెడుతున్నాడు.

అబ్బాయి డిసెంబరు మొదటి వారంలో వెళ్ళాడు. ఇంటికి చేరాక వారం మౌనం. తర్వాత ఒక మెసేజి. "అక్కా, బాగున్నవా? రూము డిపాజిట్ 350 పౌండ్లు ఉన్నయి కదా, వాళ్ళు ఫోన్ ఎత్తుతలేరు. కొంచెం అడుగుతవా? ఆవకాయ నువ్వు తినెయ్, పాడైతది." రూమ్మేట్లను అడిగాను. అతని మంచంలోకి కొత్తవాడు వచ్చాడట, అతని దగ్గర డిపాజిట్ రాగానే ఇస్తామన్నారు. కొత్తవాడికి జీతం పడేది నెలాఖరుకు. ఆరోజు మళ్ళీ ఫోన్ చెయ్యాలి.